ఆ పూసల కమ్మలు వెనక్కి తెచ్చివ్వండి

అందరికీ నమస్కారం. మినియాపొలిస్‌లో మా టీ కొట్టుకి వచ్చే మీ అందరికీ ముందు ఒక తప్పు గురించి చెప్పాలి.

పోయిన ఏడాది కౌంటర్ పక్కన పూసల కమ్మలు అమ్మాం. హోల్‌సేల్‌లో తెచ్చినవి. అట్ట మీద 'నేటివ్ చేతిపని', అంటే అమెరికా ఆదివాసులు చేసినవి అని ఉంటే నమ్మేశాను. ఒకరోజు ఇక్కడి ఆదివాసుల్లో ఓజిబ్వే తెగకు చెందిన ఒక ఆవిడ వాటిని చేతిలోకి తీసుకుని, "ఇవి ఎవరు కుట్టారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆదివాసులు చేయనిదాన్ని వాళ్లు చేసినట్టు చెప్పి అమ్మడం 1990 నాటి చట్టం ప్రకారం నేరమని ఆవిడే చెప్పారు. ఆ సాయంత్రమే అన్నీ తీసేశాను. మీరు కొని ఉంటే తెచ్చివ్వండి. బిల్లు లేకపోయినా డబ్బు ఇచ్చేస్తాను.

ఇప్పుడు ఆవిడ పూసల పనే మా కొట్లో ప్రదర్శనకు ఉంది. ఎదురు గోడకు ఆవిడ తమ్ముడు వేసిన బొమ్మలు: బర్చ్ చెట్లు, సుపీరియర్ సరస్సు, నీళ్లలో పెరిగే వైల్డ్ రైస్. బొమ్మలు బాగున్నాయి, కానీ నన్ను కదలనివ్వనిది పూసలే. నల్ల వెల్వెట్ మీద అడవి పూలు, తీగలు. ఒక సూదికి ఆవగింజంత గాజు పూసలు ఎక్కించి వరస పరుస్తారు, రెండో సూదితో రెండు మూడు పూసలకొక కుట్టు వేస్తారు. యూరప్ వర్తకులు గాజు పూసలు తేకముందు ఓజిబ్వేలు ముళ్లపంది ముళ్లకు రంగులద్ది కుట్టేవాళ్లు. వాళ్ల భాషలో పూసని మనిదూమినెన్స్ అంటారు. అందులో 'మనిదూ' అంటే ఆత్మ.

కమ్మల జత 90 డాలర్లు. మొత్తం ఆవిడకే, మేం కమీషన్ తీసుకోవడం లేదు. మొదటి వారమే ముగ్గురు బేరమాడారు, ఇండియాలో మగ్గం వర్క్ ఇంతకంటే చవకని. మగ్గం మీద కళ్లు పోగొట్టుకునేవాళ్లకి మనం తక్కువిస్తున్నామంటే ఆ తప్పు మనది. ఇక్కడ బేరం వద్దు. ఫోటో తీసి బ్లౌజు మీద ఆ డిజైన్ వేయించుకుంటామని కూడా అన్నారు. దయచేసి అదీ వద్దు, అవి ఆవిడ గీసుకున్న పూలు.

ప్రదర్శన కోసం రెండు టేబుళ్లు తీసేశాం, కాబట్టి శని, ఆదివారాల్లో కాసేపు నిలబడాల్సి రావచ్చు. శనివారం మధ్యాహ్నాలు ఆవిడ కిటికీ పక్కన కూర్చుని కుడుతుంటారు. పిల్లల్ని తీసుకురండి, అడిగితే సూది చేతికిచ్చి నేర్పిస్తారు.