చెక్ ఇంజిన్ లైటుకి ట్యాంకు మూత ఒక్కటే మందు కాదు

సంపాదకుల వారికి, నమస్కారం.

మొన్న ఆదివారం మీ బెంగళూరు పేజీలో కార్ల శీర్షిక చదివాను. డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు (ఇంజిన్‌లో ఏదో లోపం ఉందని హెచ్చరించేది) వెలిగి పెట్రోలు వాసన కూడా వస్తుంటే ముందు ట్యాంకు మూత టక్కుమనేదాకా బిగించండి, నాలుగు రోజుల్లో లైటు దానంతటదే పోతుంది అని రాశారు. యూట్యూబ్‌లో మన తెలుగు వీడియోలన్నీ ఇదే పాట పాడుతున్నాయి. మూత బిగిస్తే పోయేదేమీ లేదు, బిగించుకోండి. కానీ అది అమెరికా కార్లకి చెప్పే సలహా. మన దగ్గర తిరిగే కార్లలో చాలావాటికి అది పనికిరాదు, ఆ సంగతి ఎవరూ చెప్పకపోవడంతో జనం మూతలు కొనుక్కుంటూ కూర్చుంటున్నారు. నేనుండేది కె.ఆర్.పురంలో, ఇంజిన్ కంప్యూటర్ల సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేసే ఉద్యోగం, అందుకని ఈ చొరవ.

ముందు ఆ మూత ఏ సిస్టమ్‌లో భాగమో, అంటే పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా చూసే సిస్టమ్ ఏంటో కాస్త చెప్పాలి. పెట్రోలు ట్యాంకులో ఉన్నంతసేపూ ఆవిరవుతూనే ఉంటుంది, ఎండలో పార్క్ చేస్తే మరీను. డీజిల్‌కి ఈ గొడవ దాదాపు లేదు. ఆ ఆవిరి గాల్లో కలిస్తే ఎండకి ఓజోన్ కాలుష్యం పెరుగుతుంది, పైగా అందులో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. అందుకే ఆవిరిని బొగ్గు గుళికలు నింపిన ఒక డబ్బాలోకి పంపిస్తారు, దాని పేరు క్యానిస్టర్. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కంప్యూటర్ పర్జ్ వాల్వ్ అనే చిన్న కరెంటు వాల్వ్‌ని తెరిస్తే, బొగ్గు పట్టుకున్న ఆవిరిని ఇంజిన్ పీల్చుకుని కాల్చేస్తుంది. డబ్బాకి ఇంకో పక్క బయటి గాలి రావడానికి వెంట్ ఉంటుంది. అంతే సిస్టమ్. కొత్త మోడల్‌కి అనుమతి ఇచ్చే ముందు కారుని ఒక మూసిన గదిలో పెట్టి ఎంత ఆవిరి బయటికొస్తుందో కొలుస్తారు, మన బీఎస్-6 కాలుష్య నిబంధన లెక్క ప్రకారం అది 2 గ్రాములు దాటకూడదు.

ఇప్పుడు తేడా ఎక్కడొచ్చిందంటే, అమెరికాలో 1996 నుంచి వచ్చిన ఓబీడీ-2 (కారు తన లోపాలు తానే కనిపెట్టే కంప్యూటర్ పద్ధతి) కార్లు ఈ సిస్టమ్ మొత్తాన్ని మూసేసి ఎక్కడైనా లీకు ఉందేమో వాటంతటవే పరీక్షించుకుంటాయి, మొదట ఒక మిల్లీమీటరు రంధ్రం దాకా, తర్వాతి మోడళ్లలో అర మిల్లీమీటరు దాకా పట్టేస్తాయి. మూత వదులైతే పీ 0455, సన్న లీకైతే పీ 0442, మరీ సన్నదైతే పీ 0456 కోడ్, అంటే కంప్యూటర్ రాసుకునే లోపం నంబరు, పడుతుంది. అక్కడ మూత బిగిస్తే లైటు పోవడం నిజమే. మన నిబంధన అంత దూరం వెళ్లలేదు, యూరప్ పద్ధతిలో పర్జ్ వాల్వ్‌కి వెళ్లే కరెంటు లైను తెగిందా లేదా అన్నది చూస్తే చాలంటుంది. అంటే చాలా కార్లలో మూత పూర్తిగా తీసేసి తిరిగినా లైటు వెలగదు, వాల్వ్ వైరు బాగుండి వాల్వ్ మాత్రం తెరుచుకుని ఇరుక్కుపోయినా కంప్యూటర్ వాల్వ్ పేరు ఎత్తదు. ఇంకేదో పేరు చెబుతుంది.

మా బావమరిది కారుకి అయింది సరిగ్గా అదే. "బావా, బంకులో పెట్రోలు పోయించుకున్నాక మాత్రం స్టార్ట్ అవడానికి ఏడిపిస్తోంది, మిగతా టైములో బానే ఉంటుంది" అన్నాడు. ఈ ఒక్క ముక్క వింటే చాలు, తెలిసినవాళ్లు పర్జ్ వాల్వ్ వైపు చూస్తారు, ఎందుకంటే పెట్రోలు పోసేటప్పుడు ట్యాంకులోని ఆవిరి కొంత ఒక్కసారిగా క్యానిస్టర్‌లోకి నెట్టుకొస్తుంది, వాల్వ్ మూసుకోకపోతే అది నేరుగా ఇంజిన్‌లోకి వెళ్లి ముక్కు మూసేస్తుంది. వాడు తీసుకెళ్లిన గ్యారేజీలో ఆ కోడ్‌లు చదివే స్కానర్ పెడితే పీ 0172 వచ్చింది, పెట్రోలు ఎక్కువైపోతోందని దానర్థం. ముందు మూత మార్చారు (ఎందుకో వాళ్లకే తెలియాలి), తర్వాత ఆక్సిజన్ సెన్సర్, ఆ తర్వాత ఇంజెక్టర్ క్లీనింగ్, ప్రతిసారీ కోడ్ చెరిపేసి "అయిపోయింది సార్" అని పంపడం, వారం తిరక్కుండానే లైటు మళ్లీ రావడం. కోడ్ చెరిపితే లైటు పోతుంది, జబ్బు ఎక్కడికి పోతుంది?

మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బానెట్ ఎత్తి చూశాం. రాత్రంతా చల్లారిన ఇంజిన్ స్టార్ట్ చేసి, వాల్వ్‌కున్న కరెంటు ప్లగ్గు తీసేశాం. కరెంటు లేకపోతే ఆ వాల్వ్ మూసుకునే ఉండాలి. క్యానిస్టర్ వైపు నుంచి వచ్చే పైపు కూడా ఊడదీసి, వాల్వ్‌కి అది తగిలే రంధ్రం మీద బొటనవేలు పెట్టమన్నాను. వేలు లోపలికి లాక్కుంది, వాడు ఉలిక్కిపడ్డాడు. వేలు పెట్టి మూసినంతసేపూ స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోలు ఎంత కోస్తోందో చెప్పే అంకె, మైనస్ 20 దగ్గర్నుంచి మెల్లగా సున్నా వైపు వచ్చింది. వేలు తీసి పైపు మళ్లీ తగిలిస్తే మళ్లీ కిందికి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి. ఇదంతా చేసేటప్పుడు దగ్గర్లో సిగరెట్టు, దీపం ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు. ప్లగ్గు తీసినందుకు కొత్త కోడ్ ఒకటి పడుతుంది, దానికి కంగారు పడొద్దు.

వాల్వ్ విప్పి తెల్ల కాగితం మీద తట్టితే నల్లగా సన్న బొగ్గు రవ్వలు రాలాయి. అసలు కథ ఇక్కడుంది. ఆ బొగ్గు క్యానిస్టర్‌లో ఉండాలి, వాల్వ్‌లోకి వచ్చిందంటే డబ్బా లోపల పాడైపోయిందన్నమాట. ఎందుకు పాడైంది? మావాడు నెలకి రెండు మూడుసార్లు అనంతపురం వెళ్తాడు. బాగేపల్లి దాటితే ఆంధ్ర, అక్కడ లీటరు రేటు ఎక్కువ, కాబట్టి బార్డర్ ఇవతల బంకులో గొంతుదాకా పోయిస్తాడు. ఆటో కట్ అయ్యాక కూడా కారుని ఊపి ఊపి మరీ పోయించడం, పైన రౌండ్ ఫిగర్ అని బంకు కుర్రాడు ఇంకో నొక్కు నొక్కడం. ఈ రూట్లో తిరిగే మన తెలుగువాళ్లలో ఈ అలవాటు లేనివాళ్లని నేను పెద్దగా చూడలేదు. ఆవిరి వెళ్లాల్సిన పైపులోకి పెట్రోలే వెళ్తుంది, బొగ్గు నానుతుంది, చితుకుతుంది, రవ్వలు కొట్టుకొచ్చి వాల్వ్‌లో ఇరుక్కుంటాయి. వాల్వ్ ఒక్కటే మారిస్తే మిగిలిన రవ్వలు కొత్తదాన్నీ తినేస్తాయి. జేసీ రోడ్డులో వాల్వ్, క్యానిస్టర్ రెండూ కొని, మధ్య పైపు గాలితో ఊది శుభ్రం చేయించాక గానీ బండి దారికి రాలేదు.

వేరే లక్షణాలుంటే చూడాల్సిన చోటు వేరు. బంకులో నాజిల్ కొంచెం పోయగానే టక్ టక్ అని ఆగిపోతుంటే వెంట్ వైపు మట్టి పట్టిందేమో చూడండి. కారు పక్కన పెట్రోలు వాసన మాత్రమే ఉంటే పైపులు చూడాలి, మన బేస్‌మెంట్లలో ఎలుకలు వైర్లతో పాటు రబ్బరు పైపులూ కొరికేస్తాయి. కంటికి కనపడని లీకైతే స్మోక్ టెస్ట్ చేయించాలి, సిస్టమ్‌లోకి చాలా తక్కువ ప్రెషర్‌తో పొగ పంపిస్తే లీకున్న చోటు నుంచి అది బయటికొస్తుంది. టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్ తగిలిస్తే మాత్రం బాగున్న జాయింట్లు కూడా ఊడిపోతాయి, అలా చేసిన షెడ్డు చూశాను.

ఇంకో మాట, ఎమిషన్ టెస్ట్ సర్టిఫికెట్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లకి. ఆ టెస్ట్ చేసే వ్యాన్‌లో పెట్రోలు కారుకి కొలిచేది సైలెన్సర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. ట్యాంకు దగ్గర నుంచి కారే ఆవిరి ఆ గొట్టానికి ఎలా అందుతుంది? స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ పెట్టుకుని తిరుగుతున్నాయి కార్లు, దానికి స్కానర్ తగిలించి కోడ్‌లు చదవడం ఎంతసేపు? రవాణా శాఖ ఆ పని మొదలుపెడితే ఈ కోడ్ చెరిపే వ్యాపారం కూడా తగ్గుతుంది, ఎందుకంటే చెరిపిన ఆనవాలు కంప్యూటర్‌లో కొన్నాళ్లు ఉంటుంది.

మీ శీర్షిక రాసేవారికి ఈ ఉత్తరం చూపించండి, మూత సలహా పక్కన బొటనవేలి టెస్ట్ కూడా రాయమనండి. అలాగే బెంగళూరులో స్మోక్ మెషీన్ నిజంగా ఉన్న గ్యారేజీలు ఏవో, టెస్ట్ ఒక్కదానికి ఎంత తీసుకుంటున్నారో పాఠకులు రాసి పంపితే అచ్చు వేయండి, వైట్‌ఫీల్డ్ వైపు అయితే నాకూ పనికొస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కె.ఆర్.పురం, బెంగళూరు