కథోలిక పీఠాధిపతుల పూజా వస్త్రాలకు మన చేనేత సరిపోదా?

సంపాదకులకు నమస్కారం.

కొత్త పీఠాధిపతి (బిషప్) అభిషేకం అన్నా, జూబిలీ అన్నా మన కథోలిక విచారణల్లో (చర్చి పారిష్‌లలో) ముందుగా లేచే మాట పూజా వస్త్రాలదే. ఎక్కడ కుట్టించాలి, ఎంత జరీ పెట్టించాలి, మైటర్ (బిషప్ గారి ఎత్తైన టోపీ) మీద ఏ రంగు రాళ్లు అద్దించాలి అని. దానికి చందాలూ వసూలవుతాయి. ఇచ్చేవాళ్లలో కూలి పనులకు వెళ్లేవాళ్లే ఎక్కువ. వాళ్లు ప్రేమతోనే ఇస్తారు, ఆ ప్రేమను తప్పుపట్టను. ఆ డబ్బు ఎటు పోతోందన్నదే నా బాధ.

ఈమధ్య మండుటెండల్లో జరిగిన ఒక పూజలో ముందు వరసలో కూర్చున్నాను. బిషప్ గారి మీద పాలిస్టర్ చాసుబుల్ (పూజలో పైన వేసుకునే వదులు వస్త్రం), దాని లోపల మందపాటి లైనింగ్, ముందూ వెనకా మెషిన్ ఎంబ్రాయిడరీ. ప్రసంగం సగానికి రాకముందే లోపలి తెల్ల అంగీ మెడ దగ్గర తడిసి ఒంటికి అంటుకుపోయింది. పెద్దాయన, పాపం, మాటిమాటికీ రుమాలు తీస్తూనే ఉన్నారు.

ఈ ఆర్భాటం శ్రీసభ, అంటే మన కథోలిక సంఘం, అడిగింది కాదు. పూజా వస్త్రాల్లోనూ ఆడంబరం వద్దు, హుందా అయిన అందం చాలు అని 1963లోనే ప్రపంచ బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ చెప్పింది. వస్త్రానికి అందం బట్ట వల్ల, కుట్టిన తీరు వల్ల రావాలని, ఏ ప్రాంతపు సహజమైన బట్ట ఆ ప్రాంతంలో వాడుకోవచ్చని పూజా గ్రంథం సూచనల్లోనే ఉంది. 1965 నవంబరులో సుమారు 40 మంది బిషప్పులు రోములోని దొమితిల్లా భూగర్భ సమాధుల దగ్గర పూజ చేసి, ఖరీదైన వస్త్రాలు, బంగారు వెండి చిహ్నాలు వదిలేస్తామని మాట ఇచ్చారు. మన దేశంలోనైతే 1969 నుంచే అంగవస్త్రంతో (భుజాల మీది పొడవాటి కండువాతో) సాదా అంగీ వేసుకుని పూజ చేసుకునే వీలుంది.

అంతెందుకు, హైదరాబాద్, విశాఖపట్నం అగ్రపీఠాధిపతులు పోప్ గారి నుంచి అందుకునే పాలియం ఏమిటి? తెల్లని ఉన్నితో నేసిన సన్నటి పట్టీ, మీద ఆరు నల్ల సిలువలు. ఒక్క రాయీ ఉండదు. దానికున్న గౌరవం ఏ జరీకి ఉంది?

తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, ఊదా. పూజకు ముఖ్యంగా కావాల్సిన ఈ రంగులన్నీ మంగళగిరి నేతగాళ్లు అద్ది ఇవ్వగలరు. వాళ్లు నేసే నిజాం అంచు ఒక్కటి ఉంటే వేరే అలంకారం అక్కర్లేదు. పోచంపల్లి పట్టూ ఉంది. ఆర్డర్లు లేక మగ్గాలు మూలపడుతున్న ఊళ్లలో మన క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. రాబోయే అభిషేకాలకైనా మన పీఠాధిపతులు చేనేత బట్టే కావాలని ముందుగా విచారణలకు చెప్పాలని, ఖరీదైన కానుకలు వద్దని ఆహ్వాన పత్రికలోనే రాయించాలని మనవి చేస్తున్నాను.

– ఒక కథోలిక విశ్వాసి, గుంటూరు జిల్లా