ట్రాపికల్ డిసీజెస్ బులెటిన్ పాత సంపుటాల నిధి: 2024–25 జమా ఖర్చుల వివరణ

చందాదారులకు నమస్కారం.

ఉష్ణమండల జబ్బులపై వచ్చిన పరిశోధనల సారాంశాలను లండన్‌లోని ట్రాపికల్ డిసీజెస్ బ్యూరో బులెటిన్లుగా వెలువరించేది. వాటిలో మన పఠన మందిరంలో మిగిలినవి 24 సంపుటాలు. వీటిలో రెండు 1912కు ముందు అదే సంస్థ స్లీపింగ్ సిక్‌నెస్ (నిద్ర జబ్బు) బ్యూరో పేరుతో తెచ్చినవి. వీటిని బాగుచేయించి, స్కాన్ చేయించి, వెనకున్న సూచికలను కంప్యూటర్‌లో వెతుక్కునేలా తయారు చేయించడానికే ఈ నిధి. వేరే పనికి ఒక్క రూపాయి వాడలేదు.

జమ:
దేశంలోని చందాదారుల నుంచి: రూ. 2,64,500
విదేశాల్లో ఉంటున్న భారత పౌరుల నుంచి: రూ. 98,000
పరిచయ పుస్తకం అమ్మకం (215 ప్రతులు, ఒక్కోటి రూ. 80): రూ. 17,200
బ్యాంకు వడ్డీ: రూ. 4,310
మొత్తం: రూ. 3,84,010 (అక్షరాలా మూడు లక్షల ఎనభై నాలుగు వేల పది రూపాయలు)

అమెరికా, బ్రిటన్ పౌరసత్వం తీసుకున్న మిత్రుల చందాలు ఎందుకు వెనక్కి పంపామని కొందరు అడిగారు. విదేశీ విరాళాల చట్టం కింద మనకు రిజిస్ట్రేషన్ లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఓ.సి.ఐ. కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత మూలాలవారికి ఇచ్చే కార్డు) ఉన్నవారు పంపితే అవుతుంది. అందుకే విదేశాల నుంచి వచ్చిన ప్రతి చందాకూ పాస్‌పోర్టు నకలు తీసుకుని రసీదుకు జత చేశాం.

ఖర్చు:
పురుగు నివారణ, శుభ్రం చేయడం, కాగితం మరమ్మతు (24 × రూ. 2,600): రూ. 62,400
బైండింగ్ (24 × రూ. 1,150): రూ. 27,600
స్కానింగ్ (18,600 పేజీలు × రూ. 4.50): రూ. 83,700
మడత పటాలు, పట్టికలు (31 × రూ. 220): రూ. 6,820
సూచికల ఎక్కింపు (46,000 పద్దులు × రూ. 2.25): రూ. 1,03,500
స్టీలు బీరువాలు రెండు: రూ. 29,600
సిలికా జెల్, తేమ కొలిచే మీటర్లు: రూ. 3,480
హార్డ్ డిస్కులు రెండు: రూ. 18,800
పరిచయ పుస్తకం అచ్చు (300 ప్రతులు): రూ. 12,600
ఆడిట్, బ్యాంకు ఛార్జీలు: రూ. 5,360
మొత్తం: రూ. 3,53,860
నిల్వ: రూ. 30,150 (బ్యాంకులో రూ. 28,900, చేతిలో రూ. 1,250)

ఈ పద్దులన్నిటిలో పెద్దది సూచికల ఎక్కింపు. పుస్తకాలను స్కాన్ చేశాక మళ్లీ సూచికకు లక్ష రూపాయలు దేనికని సర్వసభ్య సమావేశంలో గట్టిగానే అడిగారు. అడగవలసిన ప్రశ్నే. ఆ బ్యూరో ఎందుకు పుట్టిందో, ఎలా పనిచేసిందో చెబితే తప్ప దీనికి జవాబు పూర్తి కాదు.

1900 తర్వాత విక్టోరియా సరస్సు ఉత్తర తీరాన, ఉగాండాలో, నిద్ర జబ్బు రెండు లక్షల మందికి పైగా ప్రాణాలు తీసింది. పరిశోధన లేక కాదు. బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ 1902లోనే అక్కడికి బృందాన్ని పంపింది. జబ్బుకు కారణం ట్రిపనోసోమా అనే క్రిమి అనీ, దాన్ని మోసేది ట్సెట్సీ ఈగ అనీ పరిశోధకులు కాస్టెల్లానీ, బ్రూస్ పనితో తేలింది. అయితే కొత్త సంగతి ఒకటి బెర్లిన్‌లో జర్మన్‌లో అచ్చయ్యేది, ఇంకొకటి పారిస్‌లో ఫ్రెంచ్‌లో, మరొకటి లిస్బన్‌లో పోర్చుగీసులో. సరస్సు ఒడ్డున ఒంటరిగా ఉన్న డాక్టరుకు వీటిలో ఏదీ అందేది కాదు. ఇది మనకు తెలియని కష్టం కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రోనాల్డ్ రాస్‌కు బయటి శాస్త్ర ప్రపంచంతో ఉన్న ప్రధానమైన లంకె లండన్ నుంచి వైద్యుడు మాన్సన్ రాసే ఉత్తరాలే.

1907, 1908లలో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో దేశాలన్నీ కలిసి ఒక ఉమ్మడి బ్యూరో పెట్టాలనుకున్నాయి. అది కుదరలేదు. దాంతో 1908లో బ్రిటన్ తన బ్యూరో తాను పెట్టుకుంది. రాయల్ సొసైటీ బర్లింగ్టన్ హౌస్‌లో చోటిచ్చింది, ఖర్చును బ్రిటిష్ ఖజానా, సూడాన్ ప్రభుత్వం భరించాయి. ఉగాండాలో పనిచేసి వచ్చిన డాక్టర్ ఆర్థర్ బాగ్‌షా డైరెక్టరయ్యాడు, 1935 దాకా ఆయనే. గ్రంథాలయం చూసిన థిమ్ ట్రిపనోసోమా జబ్బులపై అప్పటిదాకా వచ్చిన రచనల పట్టికను 1909లో అచ్చు వేయించాడు. 1911లో కాలా అజార్‌కు (నల్ల జ్వరానికి) వేరే బులెటిన్ మొదలైంది. ఆ జబ్బు క్రిమిని 1903లో మద్రాసులో డాక్టర్ డోనోవన్ గుర్తించిన సంగతి తెలిసిందే. 1912లో అన్ని ఉష్ణమండల జబ్బులనూ కలిపి ట్రాపికల్ డిసీజెస్ బ్యూరోగా మార్చి, సౌత్ కెన్సింగ్టన్‌లోని ఇంపీరియల్ ఇన్‌స్టిట్యూట్‌కు తరలించారు. ఆ నవంబరులో బులెటిన్ తొలి సంచిక వచ్చింది.

అక్కడ జరిగే పని ఇది. టపాలో వచ్చిన పత్రికలను విడదీసి మలేరియా, ప్లేగు, కొంకి పురుగు అంటూ ఏ విభాగం వ్యాసాలను ఆ విభాగం సంపాదకుడికి పంపేవారు. ఆయన మూలభాషలో చదివి, ఏం చేశారు, ఎంతమంది రోగుల మీద, మోతాదు ఎంత, ఫలితం ఏమిటి అన్నవి కొన్ని పంక్తుల్లోకి కుదించాలి. రచయిత నిర్ణయం నిలబడదనిపిస్తే ఆ మాటా రాయాలి. నిద్ర జబ్బుకు వాడిన అటాక్సిల్ మందు కొందరి చూపు పోగొడుతుందన్న హెచ్చరిక డాక్టరుకు సూది వేయకముందు చేరితేనే దానికి విలువ. అంటే ఇలాంటి బ్యూరోలో విలువంతా చదివి వడకట్టే మనుషులది, సూచికది. సూచిక లేని సారాంశాల సంపుటంలో కావలసిన జబ్బు దొరకాలంటే వెయ్యి పేజీలు తిప్పాలి.

ఇక ఆ సూచికను యంత్రం చేత చదివిస్తే చాలదా అంటే చాలదు. పాత అచ్చులో 'ఎ', 'ఇ' అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలను కలిపి ఒకే అచ్చుగా (æ) పోశారు. యంత్రం దాన్ని ప్రతిసారీ ఒక్కో రకంగా చదువుతుంది. రక్తహీనత, రక్తానికి సంబంధించిన ఇంగ్లిష్ వైద్య పదాలు చాలావరకు ఆ అక్షరంతోనే ఉంటాయి కనుక ముఖ్యమైన మాటలే పోతాయి. ఇటాలిక్‌లో ఉన్న క్రిముల పేర్లదీ ఇదే గతి. పేజీ సంఖ్యలో 3, 8 తారుమారైతే ఆ పద్దు ఉన్నా లేనట్టే. అందుకని ఇద్దరు విడివిడిగా ఎక్కించారు, తేడా వచ్చిన పద్దును మూడో మనిషి పుస్తకంతో సరిచూశారు. పద్దుకు రూ. 2.25 ఈ మూడు చేతులకూ కలిపి.

ఇంకో చిక్కు, పేర్లు మారిపోయాయి. నేడు ఈడిస్ ఈజిప్టై అనే దోమ అప్పుడు స్టెగోమయా ఫేసియేటా. బోదకాలు పురుగు అప్పుడు ఫైలేరియా బాంక్రాఫ్టి, ఇప్పుడు వుకరీరియా. అచ్చులో ఉన్న పేరును మార్చలేదు, పక్క గడిలో నేటి పేరు చేర్చాం. ఈ సరిచూపు డాక్టర్లు ఉచితంగా చేసిపెట్టారు. తొలి ఏళ్లలో ఏడాదికి రెండేసి సంపుటాలు వచ్చాయి కనుక సంపుటం సంఖ్యను బట్టి సంవత్సరం లెక్కగట్టకండి, సూచికలో సంపుటం, సంవత్సరం గడులు రెండూ చూడండి.

మరమ్మతు గురించి. పుస్తకాలను పాలిథీన్ సంచుల్లో గాలి చొరకుండా మూసి, చేపల కోల్డ్ స్టోరేజీలో మైనస్ 20 డిగ్రీల దగ్గర వారం రోజులు ఉంచారు. పురుగు, గుడ్డు రెండూ చస్తాయి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకూడదు, విప్పితే చెమ్మ కాగితం మీదే పడుతుంది. సంచికలకు కొట్టిన ఇనుప తీగలు సముద్రపు గాలికి తుప్పుపట్టి చుట్టూ కాగితాన్ని తినేశాయి. వాటిని లాగకుండా ముక్కలుగా కత్తిరించి తీయించాం. చిరుగులకు జపనీస్ టిష్యూ, గోధుమ గంజి మాత్రమే వాడారు. పురుగు పట్టకుండా గంజిలో మైలుతుత్తం కలిపే అలవాటు మన బైండర్లకు ఎప్పటినుంచో ఉంది. అందులోని రాగి కాగితాన్ని గోధుమరంగుకు తిప్పి పెళుసుబారుస్తుంది. ఈ సెట్టు పాత బైండింగుల్లో అంచులు విరగడానికి అదొక కారణం. ఈసారి వద్దని పనిపత్రంలోనే రాయించాం. నునుపు కాగితం మీది చిత్రపటాలు తడిసి ఒకదానికొకటి అంటుకున్నచోట బలవంతంగా విడదీయలేదు, విడదీస్తే బొమ్మ పొరగా లేచిపోతుంది. వాటిని అలాగే స్కాన్ చేయించి సూచికలో గుర్తుపెట్టాం.

బైండింగ్‌కు తోలు వాడలేదు, కాలికో గుడ్డే. తోలుకు మూడింతలవుతుంది, మన వాతావరణంలో బూజు పడుతుంది. సంచికల అట్టలను, ప్రకటనల పేజీలను పారేయకుండా లోపలే కుట్టించాం. సంపాదకుల పేర్లు, ధరలు చాలాచోట్ల అక్కడే దొరుకుతాయి. స్కానింగ్ పుస్తకాన్ని పూర్తిగా పరచకుండా, 'వి' ఆకారపు తొట్టెలో పెట్టి, 400 డి.పి.ఐ.లో (అంగుళానికి 400 చుక్కల స్పష్టతతో) జరిగింది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బ్యూరో విస్తరించాక దాని ఖర్చులో భారత ప్రభుత్వం, వలస ప్రభుత్వాలు వాటా ఇచ్చాయి. ఆ వాటా అంటే ఇక్కడి రైతు కట్టిన శిస్తు, ఆఫ్రికాలో గుడిసెకు కట్టిన పన్ను. బులెటిన్ మాత్రం ఇంగ్లిష్‌లో, అధికారుల బల్లల మీదికి వెళ్లింది. తమ డబ్బుతో తయారైనదాన్ని ఆ రైతుల మనవలు ఉచితంగా చదవగలగాలి. అందుకే సూచిక ఫైలుకు ధర పెట్టలేదు, అడిగిన ఏ విద్యార్థికైనా ఇస్తున్నాం. స్కాన్లలో కాపీహక్కు గడువు తీరిందని తేలినవే బయటికి ఇస్తాం, మిగతావి పఠన మందిరంలోనే చూడాలి.

నిల్వ రూ. 30,150లోంచి వచ్చే ఏడాది సిలికా జెల్ మార్పిడి, హార్డ్ డిస్కుల తనిఖీ పోను మిగిలినది తొలి రెండు సంపుటాల్లోని నిద్ర జబ్బు సారాంశాలను తెలుగులోకి తేవడానికి వాడాలని ప్రతిపాదన. దీనికి సర్వసభ్య సమావేశం ఆమోదం కావాలి. వోచర్లు, రసీదు పుస్తకాల నకళ్లు, బ్యాంకు పాసుపుస్తకం, ఆడిటరు సంతకం చేసిన పత్రం పఠన మందిరంలో ఉన్నాయి. చందా ఇచ్చినా ఇవ్వకపోయినా ఎవరైనా చూడవచ్చు. పద్దులో తేడా కనిపిస్తే వోచరు నంబరు వేసి రాతపూర్వకంగా ఇవ్వండి, జవాబును నోటీసు బోర్డులో పెడతాం.

నిధి నిర్వాహక సంఘం