బావగారికి, గాలం సామాను గురించి

ఎడిసన్, న్యూజెర్సీ
మార్చి నెల

బావగారికి నమస్కారాలు. అక్కకీ పిల్లలకీ మేమంతా కులాసా అని చెప్పండి.

ఏప్రిల్ ఆఖరి వారానికి టిక్కెట్లు ఖాయమయ్యాయని అక్క ఫోన్ చేసింది. పెట్టెలో గాలం రాడ్డు సర్దుకోమంటారా అని మీరు అడిగారట. వద్దండీ. ఇక్కడ పట్టేది వేరే చేప, పట్టే తీరు వేరు, పైగా చట్టం కూడా చేతిలో టేపు పట్టుకుని నిలబడుతుంది. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని కాగితం మీద పెడుతున్నాను.

చేప పేరు స్ట్రైప్డ్ బాస్. ఇక్కడివాళ్లు స్ట్రైపర్ అంటారు. వాటం మన పండుగప్పది: వెండి ఒళ్లు, దాని మీద తల నుంచి తోక దాకా ఏడెనిమిది నల్లచారలు. నడవడిక మాత్రం పులసది. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కుతుంది. పులస గోదావరి ఎర్రనీటి కోసం చూస్తే ఇది నీటి వేడి కోసం చూస్తుంది. హడ్సన్ నదిలో మే నెలలో, నీళ్లు 15 నుంచి 18 డిగ్రీల సెల్సియస్‌కి వచ్చేసరికి గుడ్లు వదులుతుంది. ఆ గుడ్లు పిగిలేదాకా రెండు మూడు రోజులు ప్రవాహంలో ఆడుతూ ఉండాలి, బురదలో కూరుకుపోతే పోయినట్టే. నదిలోకి వెళ్లబోయే చేపలూ, పని ముగించుకుని దిగొచ్చిన చేపలూ ఆగి మేసే చోటు రారిటన్ బే అనే సముద్రపు అఖాతం. మా ఇంటి నుంచి కారులో అరగంట. ఎడిసన్‌లో ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం గానీ, ఆ గట్టుకి మనవాళ్లు వెళ్లేది ఎక్కువగా ఫొటోలకే.

తేదీ చూసుకుని వెళ్తే ఈ చేప దొరకదు. నీటి వేడి ఎంత, ఎర చేప ఎక్కడుంది, ఈ రెండూ తెలిస్తే ఏ గట్టు మీద నిలబడాలో, ఏ గాలం కట్టాలో అవే చెబుతాయి.

మార్చి ఆఖరులో బే నీళ్లు 7, 8 డిగ్రీలు ఉంటాయి. చేప మందకొడిగా ఉంటుంది, వెంటాడి తినదు. అప్పుడు సౌత్ ఆంబాయ్, లారెన్స్ హార్బర్, కీపోర్ట్ పక్కన నల్లబురద మేటల మీద పడుతుంది. లోతు తక్కువ, బురద నలుపు కాబట్టి ఎండకి అవే ముందు వేడెక్కుతాయి. మధ్యాహ్నం దాకా ఎండ కాసి, ఆ తర్వాత ఆటు మొదలయ్యే రోజు మేలు: వేడెక్కిన నీళ్లు కాలవల్లోకి దిగుతుంటే చేప అక్కడ కాచుకుని ఉంటుంది. ఎర బ్లడ్‌వార్మ్ అనే సముద్రపు పురుగు, లేదా పెద్ద గుల్లల మాంసం. పురుగు నోట్లో నాలుగు కోరలుంటాయి, వేలు పట్టుకుంటే చురుక్కుమంటుంది. తల వెనక పట్టుకుని గుచ్చండి.

మీరు దిగేనాటికి అసలు ఎర వచ్చేసి ఉంటుంది. దాన్ని బంకర్ అంటారు. మన నూనె కవళ్లలాంటిదే గానీ జానెడు దాటి పెరుగుతుంది, ఒంటి నిండా నూనె. మందలు మందలుగా బేలోకి వస్తాయి. నీటి మీద చినుకులు పడ్డట్టు చిటపటలు కనిపిస్తే అది బంకర్ మంద. మంద తీరిగ్గా తిరుగుతుంటే కింద ఏమీ లేనట్టు. ఒక్కసారిగా చెదిరి గాల్లోకి ఎగిరితే గాలం అక్కడ వేయాలి.

గట్టు మీద నుంచి పట్టే సరంజామా ఇదీ. బేకి 7 నుంచి 8 అడుగుల రాడ్డు, 4000 లేదా 5000 సైజు స్పిన్నింగ్ రీలు, 20 నుంచి 30 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్, అంటే అల్లిన దారం. సముద్రపు ఒడ్డుకి 10 అడుగుల రాడ్డు, 6000 నుంచి 8000 రీలు, 30 లేదా 40 పౌండ్ల బ్రెయిడ్. బ్రెయిడ్ చివర నాలుగు మీటర్ల పొడవున మందపాటి నైలాన్ దారం కట్టాలి. విసిరేటప్పుడు సీసం బరువు అంతా ఆ ముక్క మీదే పడుతుంది. ఒక్కో ఔన్సు సీసానికి 10 పౌండ్ల దారం అని లెక్క. 5 ఔన్సులకి 50 పౌండ్లు. ఇది లేకుండా విసిరితే సీసం తెగి తూటాలా పోతుంది, పక్కన మనుషులుంటారు.

ఆ నైలాన్ మీద జారే చిన్న ప్లాస్టిక్ గొట్టం ఎక్కించాలి. దానికి కొక్కెం ఉంటుంది, సీసం దానికి తగిలించాలి. తర్వాత ఒక పూస, ఆపైన స్వివెల్, అంటే దారం మెలిపడకుండా గిర్రున తిరిగే లోహపు ముక్క. స్వివెల్ అవతల 50 పౌండ్ల దారం 18 నుంచి 24 అంగుళాలు, చివర గాలం. చేప ఎరని లాక్కుపోతుంటే దారం గొట్టంలోంచి జారుతుంది, సీసం బరువు దానికి తెలియదు. చివరి దారం బారెడు పెడితే ఎర ఎక్కువ తిరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గాల్లో గిర్రున తిరిగి మెలిపడుతుంది, నీళ్లలో చేప మింగేసేంత సందు దొరుకుతుంది. పొట్టిగానే ఉండనివ్వండి. ముడి బిగించే ముందు ఎంగిలి తడి చేయాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనపడుతుంది.

సీసం బేలో 2 నుంచి 4 ఔన్సులు చాలు. ఒడ్డున అలలకి 4 నుంచి 6, అదీ పిరమిడ్ ఆకారం. అది ఇసుకలో దిగబడి నిలుస్తుంది. గుండ్రటిది దొర్లుకుంటూ పక్కవాడి దారంలోకి పోతుంది, తర్వాత మాటలు పడాలి.

గాలం విషయంలో మీ చేతి అలవాటు మార్చుకోవాలి. సహజమైన ఎర గుచ్చితే సర్కిల్ హుక్కే వాడాలని నిబంధన. ముల్లు మొన గాలం కాడ వైపుకి వంగి ఉంటుంది, పక్కకి మెలి తిరిగి ఉండకూడదు. బంకర్ ముక్కకి 8/0 సైజు, గుల్ల మాంసానికి 5/0 లేదా 6/0. మనం గోదావరి గట్టున చేసినట్టు ఎర లాగగానే చేయి ఎత్తి గుంజితే ఇది నోట్లోంచి జారి వచ్చేస్తుంది. రాడ్డు వంగనివ్వండి. బరువు నిలకడగా తగిలాక రీలు తిప్పడమే, గుంజడం లేదు. చేప మళ్లినప్పుడు గాలం దవడ మూలకి జరిగి దానంతటదే గుచ్చుకుంటుంది. కడుపులోకి పోదు కాబట్టి వదిలేసిన చేప బతుకుతుంది, నిబంధన పెట్టిందే అందుకు. ముల్లు మొన ఎర మాంసంలో దాగి ఉంటే అది మళ్లడానికి చోటుండదు. అందుకని ముక్క అంచుకి ఒక్కసారే గుచ్చి, మొన, దాని ముందు ఖాళీ బయటికి కనబడేట్టు ఉంచాలి.

బంకర్‌ని అడ్డంగా రెండంగుళాల ముక్కలు కోయాలి. తల అన్నిటికన్నా మంచిది, పీతలు త్వరగా పీకలేవు, పెద్ద చేప దానికే వస్తుంది. ఇరవై నిమిషాలకి ముక్క నెత్తురూ నూనే ఖాళీ అవుతాయి, మార్చాలి. ఫ్రీజర్‌లో పెట్టింది మెత్తబడి విసురుకే ఊడిపోతుంది, ఆ పూటదే కొనండి. బతికున్న బంకర్ అయితే ముక్కు రంధ్రాల దగ్గర గుచ్చాలి. మూడు ముళ్ల గాలంతో మందలోంచి బంకర్‌ని గుచ్చి లాగి, అలాగే దాంతోనే బాస్ కోసం వదిలే పద్ధతి ఒకప్పుడు జోరుగా ఉండేది. ఇప్పుడు కుదరదు. బంకర్‌ని పైకి తెచ్చి సర్కిల్ హుక్కుకి మార్చాకే మళ్లీ వేయాలి.

మే నడిమికి ఎరకి టేకు చేపలు, చిన్న సొరలు ఎక్కువ తగులుతాయి. అవి పదే పదే తగిలితే ముక్కలు మానేసి, 5, 6 అంగుళాల రబ్బరు చేపని ఒక ఔన్సు సీసం తలకి గుచ్చి మెల్లగా లాగండి. తెల్లారగట్ల గాలి లేనప్పుడు నీటిపై తేలే పాపర్ అనే నకిలీ ఎర కూడా పనికొస్తుంది. రబ్బరు చేప తోక కత్తిరించినట్టు పోతే అది బ్లూఫిష్. దాని నోట్లో వేలు పెట్టకండి. స్ట్రైపర్‌కి అలాంటి పళ్లుండవు, నోరు గరుకు కాగితంలా ఉంటుంది, కింది దవడ బొటనవేలితో పట్టుకోవచ్చు. మొప్ప అంచూ వీపు ముళ్లూ మాత్రం కోస్తాయి, పండుగప్పతో మీకు అలవాటే.

గాలి లెక్క తేలికే. బేలో మనం నిలబడేది దక్షిణపు గట్టు, కాబట్టి దక్షిణ గాలికి నీళ్లు నున్నగా ఉంటాయి, వేడెక్కుతాయి. ఈశాన్యం వీస్తే బురద లేస్తుంది. సముద్రపు ఒడ్డు తూర్పు ముఖం. అక్కడ పడమటి గాలి అలల్ని అణుస్తుంది, తూర్పు గాలి రెండు రోజులు వీస్తే నాచు కొట్టుకొచ్చి దారం నిండా చుట్టుకుంటుంది.

మే ఆఖరు నుంచి జూన్ దాకా చేప బే వదిలి సముద్రంలోకి వెళ్తుంది. శాండీ హుక్, సీ బ్రైట్, లాంగ్ బ్రాంచ్, ఇంకా దిగువకి ఐలాండ్ బీచ్ దాకా బంకర్ మందల వెంటే ఉంటుంది. అక్కడ ముందు ఆటు వేళ వెళ్లి ఒడ్డు చూసుకోండి. ఇసుక మేట ఎక్కడుంది, దానికి గండి ఎక్కడ పడింది. అల మేట మీద తెల్లగా విరిగి, ఒకచోట మాత్రం విరగకుండా నల్లగా లోపలికి వస్తే అదే గండి. పోటు ఎక్కేటప్పుడు చేప అందులోంచే ఒడ్డు పక్క లోతుకి వస్తుంది. బలంకొద్దీ దూరం విసరనక్కర్లేదు, చాలాసార్లు చేప ముప్పై అడుగుల్లోనే ఉంటుంది.

జులై, ఆగస్టుల్లో పెద్దవి ఉత్తరానికి, మాంటాక్, కేప్ కాడ్ వైపు పోతాయి. మిగిలినవాటిని ఆ వేడి నీళ్లలో పట్టి వదిలినా బతకడం కష్టం. నీళ్లు 21 డిగ్రీలు దాటితే నేను వాటి జోలికి వెళ్లను, మీరూ వెళ్లొద్దు. సెప్టెంబరులో మల్లెట్ చేపలు ఒడ్డు వెంట దక్షిణానికి కదులుతాయి, అక్టోబరులో స్ట్రైపర్లు వెనక్కి రావడం మొదలు. నవంబరులో శాండ్ ఈల్ అనే సన్నచేపల కోసం అవి ఒడ్డుకి ఆనుకుని వస్తాయి, జిగ్ అనే సన్నని ఇనుప నకిలీ ఎర చాలు. మీ ఆరు నెలల గడువు అప్పటికి అయిపోతుంది. ఏడాదిలో మేలైన నెల అదే, ఏం చేస్తాం.

ఇక టేపు సంగతి. మనిషికి రోజుకి ఒక్క చేప. పొడవు 28 అంగుళాలు ఉండాలి, 31కి తక్కువ ఉండాలి. సరిగ్గా 31 ఉన్నా వదిలేయాల్సిందే. నోరు మూసి, తోక రెండు రెక్కలూ దగ్గరకి నొక్కి కొలవాలి. ఆ కొలతలో చేప నాలుగైదు కిలోలు తూగుతుంది. ఎంత పెద్దది పడితే అంత గొప్ప అనుకునే మనకి ఇది మింగుడుపడదు గానీ, పెద్ద ఆడచేపలే లక్షల్లో గుడ్లు పెట్టేవి. 1970ల్లో ఈ చేప ఎంత తగ్గిపోయిందంటే మేరీలాండ్ రాష్ట్రం 1985 నుంచి 1990 దాకా వేటే ఆపేసింది. 1995కి కోలుకుందన్నారు. 2019లో మళ్లీ తగ్గిందని తేలింది. 2023లో సీజన్ మధ్యలోనే పై కొలతని 38 నుంచి 31కి దించారు. నిబంధన అలా మారుతూ ఉంటుంది, వెళ్లే ముందు రాష్ట్రం వెబ్‌సైటు చూసుకోవాలి. న్యూజెర్సీలో ఈ చేపని అమ్మకూడదు. లాగడానికి ఇనుప కొక్కెం వాడకూడదు. పడవలో వెళ్తే ఒడ్డు నుంచి 3 మైళ్లు దాటాక అసలు పట్టకూడదు. న్యూయార్క్ వైపు రూళ్లు వేరు, గట్టు మారితే చట్టం మారినట్టే.

వదిలే చేపని దవడ పట్టి వేలాడదీసి ఫొటో తీయొద్దు, బరువుకి మెడ దగ్గర కీలు దెబ్బతింటుంది. చేతులు తడి చేసుకుని, ఒక చేయి పొట్ట కింద పెట్టి, నీళ్లలో నిలబెట్టి పట్టుకోండి. అది తోక ఆడించి వెళ్లేదాకా వదలొద్దు.

అక్కకి ఒక మాట. పులస పులుసు అలవాటుతో దీని తలా పొట్టా పులుసులో వేద్దామనుకుంటుంది. కూడదు. హడ్సన్ ఎగువన ఫ్యాక్టరీలు 1947 నుంచి 1977 దాకా పీసీబీ అనే రసాయనాలు నదిలో వదిలాయి, అవి చేప కొవ్వులో చేరతాయి. పులుసులో ఆ కొవ్వంతా మనమే తాగుతాం. తోలు తీసేసి, పక్కల మధ్యనున్న ఎర్రమాంసం, పొట్టపొర, వీపు కొవ్వు కోసి పారేయాలి. మిగిలిన తెల్లకండకి ఉప్పూ కారం అల్లం వెల్లుల్లి పట్టించి, ఓవెన్‌లో జాలీ మీద కాల్చాలి, కారిన నూనె వాడకూడదు. పులసలా సన్నముళ్లు ఉండవు, పిల్లలకి తేలిక అనిపిస్తుంది గానీ చిన్నపిల్లలకి, కడుపుతో ఉన్నవాళ్లకి పెట్టకపోవడమే మంచిది. పెద్దవాళ్లం కూడా ఎప్పుడో ఒకసారి తింటాం.

ఏప్రిల్ ఆఖరులో నీళ్లు 10 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఈత వచ్చినా ఆ చలికి ఊపిరి పట్టేస్తుంది, చేతులు పనిచేయవు. ఛాతీ దాకా ఉండే రబ్బరు వేడర్ తొడుక్కున్నప్పుడు నడుముకి బెల్టు బిగించి తీరాలి, లేకపోతే పడ్డప్పుడు నీళ్లు కాళ్లలోకి నిండుతాయి. రాళ్ల గట్టు మీదకి ముళ్ల బూట్లు లేకుండా ఎక్కనివ్వను, ముందే చెబుతున్నాను. వేడర్, బూట్లు, రాడ్లు అన్నీ ఇక్కడున్నాయి. మీరు తెచ్చుకోవాల్సింది ఉన్ని బనీన్లు రెండు, మందపు సాక్సులు.

ఇక్కడ సముద్రపు గాలానికి డబ్బు కట్టే లైసెన్సు లేదు గానీ, రాష్ట్రం రిజిస్ట్రీలో పేరు నమోదు చేసుకోవాలి, అది ఉచితం. పాస్‌పోర్టులో ఉన్నట్టుగా మీ పేరు స్పెల్లింగూ పుట్టిన తేదీ వాట్సాప్‌లో పెట్టండి, మీరు దిగేలోపు చేసి ఉంచుతాను.

ఇట్లు,
మీ బావమరిది