ఇన్వెస్టర్ సంగతి తర్వాత, ముందు పద్దులు విడగొట్టండి

సంపాదకులకు,

గుంటూరులోని ఓ పాత ఫుట్‌బాల్ క్లబ్బు ఎటు పోవాలన్నదాని మీద అభిమానుల మధ్య కొంతకాలంగా గట్టి వాదనే నడుస్తోంది. క్లబ్బు పేరు రాయడం లేదు. ఆట చూసేవాళ్లకు చెప్పక్కర్లేదు, చూడనివాళ్లకు చెప్పినా ఉపయోగం లేదు. బయటి నుంచి ఒకరు పెట్టుబడి పెడతామంటున్నారు, జిల్లా లీగ్ ఆడే జట్టును జాతీయ లీగ్ దాకా తీసుకెళ్తామంటున్నారు. కాళ్ల దగ్గరికి వచ్చిన అవకాశం వదులుకుంటామా అని ఒక వర్గం, ఊరి క్లబ్బును అమ్మేస్తారా అని ఇంకో వర్గం. మాకు ఇద్దరితోనూ పేచీ ఉంది. ఇంత వాదనలో ఒక్కరూ జమాఖర్చుల పుస్తకం తెరవమని అడగలేదు.

మన దగ్గర జిల్లా లీగ్ మ్యాచ్‌కి టికెట్ ఉండదు. బ్రహ్మానందరెడ్డి స్టేడియంలోనైనా, కాలేజీ గ్రౌండులోనైనా ఎవరైనా వచ్చి గట్టు మీద కూర్చుని చూసి పోవచ్చు. ఇంగ్లండ్‌లో పై నాలుగు డివిజన్ల 92 క్లబ్బుల కింద ఆడేవాటిని నాన్‌లీగ్ క్లబ్బులంటారు. వాటికి గేటు డబ్బులుంటాయి, క్లబ్బు బారుంటుంది, చిన్నా పెద్దా క్లబ్బులు కలిసి ఆడే ఎఫ్‌ఏ కప్‌లో రెండు రౌండ్లు గెలిస్తే ప్రైజ్‌మనీ ఉంటుంది. "అక్కడ అభిమానులే నడుపుతున్నారుగా" అనేవాళ్లు ఈ తేడా మర్చిపోతున్నారు. ఇక్కడి క్లబ్బుకి రాబడి దారులు మూడే: సభ్యుల చందా, పిల్లల కోచింగ్ ఫీజు, తెలిసినవాళ్లిచ్చే స్పాన్సర్‌షిప్. మూడూ ఒకే బ్యాంకు ఖాతాలో పడతాయి. రోగం మొదలయ్యేది అక్కడే.

ఏప్రిల్, మే నెలల్లో సమ్మర్ క్యాంప్ పెడతారు. పిల్లలు ఎగబడతారు, ఫీజు ముందే కడతారు. జూన్ మొదటి వారానికి ఖాతాలో నిల్వ ఏడాది మొత్తంలోకీ ఎక్కువగా కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే ఎక్కడి నుంచో ఆహ్వాన టోర్నీకి పిలుపొస్తుంది. జెర్సీలు, బస్సు, లాడ్జి, ఇద్దరు బయటి ఆటగాళ్లకు చేతి ఖర్చులు. నగదు పుస్తకంలో 'మ్యాచ్ ఖర్చులు' అని ఒకే వరుస పడుతుంది, ఎదురుగా గుండుగుత్తగా ఓ అంకె. ఏ మ్యాచ్, ఎంతమంది వెళ్లారు, బిల్లేది, సంతకమెవరిది, ఏవీ ఉండవు. బడులు తెరిచాక క్యాంపు పిల్లల్లో చాలామంది జారిపోతారు. కోచ్ జీతం మాత్రం పన్నెండు నెలలూ నడుస్తుంది. దసరాకి కోశాధికారి చేబదులు తెస్తారు, సంక్రాంతికి జీతాలు బకాయి పడతాయి, మార్చిలో కోచ్ ఇంకో అకాడమీకి వెళ్లిపోతాడు, ఆయన వెనకే పిల్లలూ వెళ్తారు. ఎవరూ తినేయకుండానే క్లబ్బు ఖాళీ అవుతుంది. అవినీతి అని అరిచేవాళ్లు ఈ మాట గమనించాలి.

అసలు కోచింగ్‌లో మిగులెంత? ఉదాహరణకు ఏడాది పొడవునా వచ్చే పిల్లలు 60 మంది, నెలకు 800 చొప్పున అనుకుందాం. 48 వేలు. ఇరవై మందికి ఒక కోచ్ తప్పదు, అంటే ముగ్గురు, తలకు 15 వేలు వేసినా 45 వేలు. మిగిలింది 3 వేలు. అందులో బంతులు, కోన్లు, బిబ్బులు (జట్లను వేరుచేసే చేతుల్లేని బనియన్లు), గ్రౌండు అద్దె. ఇద్దరికొక బంతి చొప్పున ముప్పై బంతులు కావాలి. గరుకు నేల మీద బంతి పై పొర త్వరగా లేచిపోతుంది. పంపుకి గేజీ (గాలి ఒత్తిడి చూపే మీటరు) లేకుండా గాలి కొట్టడం వల్ల కుట్లు ముందే పోతాయి. నియమం ప్రకారం బంతిలో గాలి 8.5 నుంచి 15.6 పీఎస్ఐ మధ్య ఉండాలి, మనవాళ్లు రాయిలా అయ్యేదాకా కొట్టి మే ఎండలో వదిలేస్తారు. గేజీ కొనడం ఏ కార్యవర్గానికీ భారం కాదు. ఏమైనా, ఆ 3 వేలతో సీనియర్ జట్టును నడపడం జరిగే పని కాదు.

సీనియర్ జట్టును పైకి తీసుకెళ్లడమంటే ఏమిటో కూడా చూద్దాం. జాతీయ మెట్లలో కిందది 2023-24లో ఐ-లీగ్ 3 పేరుతో మొదలైంది. అక్కడికి రాష్ట్ర లీగ్‌లో ఆడి, రాష్ట్ర సంఘం నామినేషన్ మీద వెళ్లాలి. డబ్బుంది కదా అని నేరుగా తలుపు తట్టలేం. బయటి ఆటగాళ్లు ఆరుగురు, నెలకు 25 వేలు, ఆరు నెలలు అనుకున్నా 9 లక్షలు. వాళ్లకు ఇల్లు, భోజనం వేరు. ప్రయాణాలంటే పద్దెనిమిది మంది ఆటగాళ్లు, నలుగురు సిబ్బంది, 22 టికెట్లు, గదికి ముగ్గురు చొప్పున ఎనిమిది గదులు. వీటన్నిటికన్నా క్లబ్బుల నడ్డి విరిచేది మోకాలి ఆపరేషన్. ఒక్క కుర్రాడికి మోకాలి కీలును పట్టి ఉంచే కట్టు (లిగమెంట్) తెగితే ఆసుపత్రి బిల్లు, తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ. చాలా ప్రమాద బీమా పాలసీల్లో డబ్బుకి ఆడే ఆటల్లో తగిలిన దెబ్బలకు మినహాయింపు ఉంటుంది. జీతమిచ్చి ఆడించే రోజు నుంచీ పాత పాలసీ చెల్లకపోవచ్చు. ఆ పేజీ చదివి, ఆటలకు వర్తిస్తుందని రాతపూర్వకంగా తీసుకున్నాకే జట్టును దింపాలి.

గ్రౌండు సంగతి ఇంకా ఘోరం. పూర్తి కొలత మైదానం 105 మీటర్ల పొడవు, 68 వెడల్పు, అంటే 7,140 చదరపు మీటర్లు. వేసవిలో గడ్డి బతకాలంటే రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు అనుకుంటే 35,700 లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఏడుకి పైనే, ఒక్క రోజుకి. ట్యాంకర్లతో తడపడం అయ్యే పని కాదు కాబట్టి బోరు కావాలి. స్థలం మనది కాకపోతే వేసిన బోరు కూడా మనది కాదు. మన నల్లరేగడి ఎండకు నెర్రెలిస్తుంది, వానకు బంకలా పట్టేస్తుంది. ఇసుక పోస్తే సరిపోతుందంటారు. ఒకేసారి మందంగా పోస్తే అది పొరగా నిలిచి, నీరు దాని కింద ఆగుతుంది. ముందు ముళ్ల రోలరుతో నేలను గుచ్చి, 5 మిల్లీమీటర్ల పలచన పొర వేసి, కుంచెతో గడ్డి మొదళ్లలోకి నెట్టాలి. ఆ పలచన పొరకే దాదాపు 36 ఘనపు మీటర్లు, అంటే వంద ఘనపుటడుగుల యూనిట్లు పదమూడు కావాలి. ఏడాదికి కనీసం రెండుసార్లు. గీతలన్నీ కలిపితే 700 మీటర్లు దాటుతాయి. తడి సున్నంతో గీయకండి, కళ్లలోనో గీరుకున్న చోటో పడితే కాలుస్తుంది. ముగ్గుపిండి చాలు. గీత వెడల్పు 12 సెంటీమీటర్లు మించకూడదు. కనీసం అయిదేళ్ల రాతపూర్వక అనుమతి లేని గ్రౌండు మీద లక్షలు పోయడం ఎవరికీ మంచిది కాదు, పెట్టుబడి పెట్టేవారికైనా సరే.

ఇప్పుడు ఆ పెట్టుబడి మాట. 51 శాతమో 49 శాతమో అని చర్చిస్తున్నవారికి ఒక విషయం: క్లబ్బు రిజిస్టరైంది సొసైటీగా. సొసైటీలో వాటాలుండవు, లాభం పంచుకోవడం ఉండదు. శాతాలు కావాలంటే కంపెనీ పెట్టాలి, ఆడే హక్కును దానికి బదలాయించాలి, దానికి ఫుట్‌బాల్ సంఘం ఒప్పుకోవాలి. ఒకసారి హక్కు కంపెనీ చేతికి వెళ్లాక జట్టు ఏ ఊళ్లో ఆడాలో నిర్ణయించేది యజమాని. మన పక్కనే చూశాం. దేశంలో పై మెట్టు లీగ్ అయిన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో పుణె జట్టు స్థానంలో 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2021-22లో టైటిల్ గెలిచింది. తర్వాత జీతాల బకాయిల్లో కూరుకుపోయి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ట్రోఫీ గెలిచిన ఊరికి జట్టు మిగల్లేదు. విశాఖ పేరున 2020లో జాతీయ స్థాయి ఐ-లీగ్‌లో చోటు సంపాదించిన శ్రీనిధి క్లబ్బు కూడా సొంత మ్యాచ్‌లు హైదరాబాద్‌లోనే ఆడింది. ఇందులో ఎవరినీ తప్పుపట్టడం లేదు. డబ్బు పెట్టేవాళ్లు తమకు అనువైన చోటికి వెళ్తారు, ఒప్పందంలో అడ్డు లేకపోతే.

అందుకే ఒప్పందం రాసుకునేటప్పుడు పేరు, చిహ్నం, పిల్లల జట్లు, గ్రౌండు అనుమతి సొసైటీ దగ్గరే ఉండాలి. సీనియర్ జట్టు నిర్వహణ మాత్రం మూడేళ్ల గడువుకి ఇవ్వొచ్చు. ఒక సీజన్ ఖర్చు బ్యాంకు గ్యారంటీగా ముందే ఉండాలి. జీతాలు రెండు నెలలు ఆగితే జట్టు సొసైటీకి తిరిగి రావాలి, బకాయిలు మాత్రం పెట్టుబడిదారుడి మీదే ఉండాలి. వచ్చిన ప్రతి రూపాయీ విరాళమా, అప్పా, స్పాన్సర్‌షిప్పా అన్నది అందుకున్న రోజే రసీదు మీద రాయాలి. ఇచ్చినప్పుడు చందా, తగువొచ్చినప్పుడు అప్పు: చిన్న క్లబ్బులు కోర్టుకెక్కేది ఎక్కువగా దీనివల్లే.

వద్దనే వర్గం చూపిస్తున్న ప్రత్యామ్నాయం "మిర్చి యార్డు వ్యాపారుల్ని అడుగుదాం, కంపెనీల సీఎస్‌ఆర్ తెద్దాం". అడగండి, తప్పులేదు. కానీ సీఎస్‌ఆర్ (లాభాల్లో కొంత సమాజం కోసం ఖర్చు చేయాలన్న) నిబంధన కంపెనీలకే వర్తిస్తుంది, అదీ నికర విలువ 500 కోట్లో, టర్నోవర్ 1000 కోట్లో, నికర లాభం 5 కోట్లో, అంతకు మించో ఉన్నవాటికి. యార్డులో ఎక్కువ సంస్థలు సొంత వ్యాపారాలు, భాగస్వామ్యాలు. వాళ్ల దగ్గరికి 80జీ రసీదుతో (దాతకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చేది) వెళ్లాలి, 2 వేలు దాటితే నగదుగా తీసుకోకూడదు, తీసుకుంటే వాళ్లకు మినహాయింపు రాదు. సీఎస్‌ఆర్ తీసుకోవాలంటే సొసైటీకి 12ఏ, 80జీ అని మనం పిలిచే ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు, సీఎస్‌ఆర్ పనులు చేసే సంస్థగా నమోదైన సీఎస్‌ఆర్-1 నంబరు, ఆ రంగంలో మూడేళ్లు పనిచేసిన రికార్డు ఉండాలి. చట్టంలోని జాబితా ఆటల 'శిక్షణ'కు అని అంటుంది. జెర్సీ మీద కంపెనీ పేరు వేయించుకుని ప్రచారం పొందితే అది సీఎస్‌ఆర్ లెక్కలోకి రాదు. బయటి స్ట్రైకర్ జీతానికి ఆ డబ్బు వాడితే ఆడిట్‌లో దొరికిపోతాం. పైగా పన్ను మినహాయింపు ఉన్న క్లబ్బుకి ప్రకటనల వంటి వ్యాపార రాబడి మొత్తం వసూళ్లలో 20 శాతం మించితే ఆ మినహాయింపుకే ముప్పు. కోచింగ్ ఖాతా విడిగా లేని క్లబ్బుకి ఏ పెద్ద కంపెనీ ఆడిటరైనా ఎందుకు సంతకం పెడతాడు?

రెండు ఖాతాలు తెరవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అకాడమీకి ఒకటి, సీనియర్ జట్టుకి ఒకటి, రెండింటికీ ఇద్దరి సంతకాలు. క్యాంపు అయిపోగానే ఖర్చులు పోను మిగిలిన ఫీజును పది భాగాలు చేసి, నెలకొకటి చొప్పున మాత్రమే తీసేలా డిపాజిట్లు వేయాలి. ఒక ఖాతా నుంచి ఇంకోదానికి బదిలీ కావాలంటే తీర్మానం, తిరిగి కట్టే తేదీ.

మా ఓటు పిల్లల జట్లకే. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ సిటీ క్లబ్బు 2003లో నాన్‌లీగ్‌లోకి పడిపోయింది, అప్పుల్లో ఉన్న క్లబ్బును అభిమానుల ట్రస్టు తీసుకుంది. 2005లో ఎఫ్‌ఏ కప్‌లో ఓల్డ్ ట్రాఫర్డ్‌కి వెళ్లి మాంచెస్టర్ యునైటెడ్‌ను 0-0తో ఆపింది, తిరిగి ఆడిన మ్యాచ్ (రీప్లే)తో కలిపి వచ్చిన డబ్బు అప్పు తీర్చడానికి అక్కరకొచ్చింది. అది అదృష్టం, దాన్ని ప్రణాళిక అనలేం. 2008లో లీగ్‌లోకి తిరిగొచ్చాక ఆ క్లబ్బును నిలబెట్టింది అకాడమీ. అక్కడ పెరిగిన ఒలీ వాట్కిన్స్‌ను 2017లో బ్రెంట్‌ఫర్డ్‌కి అమ్మారు, తర్వాత అతను ఇంగ్లండ్‌కి ఆడాడు. అభిమానుల చేతిలో ఉంటే తగువులుండవనీ కాదు. అభిమానులే పెట్టుకున్న ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్‌లో సభ్యుడికొక ఓటు పద్ధతే ఉంది, అయినా 2016లో సభ్యులు తిరగబడితే బోర్డు దిగిపోవాల్సి వచ్చింది.

ఫిఫా నిబంధనల్లో 12 నుంచి 21 ఏళ్ల మధ్య ఆటగాడిని తయారుచేసిన క్లబ్బుకి, అతన్ని తీసుకున్న క్లబ్బు ఇవ్వాల్సిన శిక్షణ పరిహారం అనేదొకటి ఉంది. దాన్ని అడగాలంటే ఆ కుర్రాడు ఏయే సీజన్లలో మన దగ్గర రిజిస్టరై ఉన్నాడో అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ కేంద్ర రిజిస్ట్రేషన్ వ్యవస్థలో కనబడాలి. మన క్లబ్బుల్లో పిల్లల పేర్లు హాజరు పుస్తకంలో ఉంటాయి, ఆన్‌లైన్‌లో ఉండవు. పుట్టిన తేదీ పత్రంలో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంటే నమోదు ఆగిపోతుంది, దాన్ని దిద్దించే ఓపిక ఎవరికీ ఉండదు. పన్నెండో ఏడు నిండగానే ఆ పని చేయించడం కార్యదర్శి మొదటి విధి కావాలి. పెట్టుబడిదారుడు వచ్చినా రాకపోయినా.

సొసైటీల చట్టం (2001) ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం జరగాలి, ఆ తర్వాత 15 రోజుల్లో కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కి చేరాలి. తగువుంటే 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్లొచ్చు, అంతదాకా రాకపోతే మేలు. ఈసారి నోటీసుతోపాటే సభ్యులకు మూడు కాగితాలు పంపండి: విడగొట్టిన గత మూడేళ్ల జమాఖర్చులు, పెట్టుబడి ఒప్పందం ముసాయిదా పూర్తి పాఠం, సీనియర్ జట్టుకి రెండు సీజన్ల ఖర్చు అంచనా. మూడూ చేతికందేదాకా ఓటింగ్ పెట్టకండి.

— కొందరు ఫుట్‌బాల్ అభిమానులు,
గుంటూరు