ప్రార్థన చేసేవాళ్లు ఠాణా సంగతి మాట్లాడకూడదా?

సంపాదకుడు గారికి,

కిందటి వారం మీ జిల్లా పేజీలో అచ్చయిన ఉత్తరం చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. చిత్రహింసల బాధితుల కోసం ఐక్యరాజ్యసమితి కేటాయించిన జూన్ 26న మా కాజీపేటలో కొందరు ఫాదర్లు, పాస్టర్లు, ఒక ఇమామ్, ఇద్దరు పూజారులు కలిసి ప్రార్థన చేశారు. విచారణ లేకుండా మనుషుల్ని నిర్బంధించడం ఆపాలని తీర్మానం చేశారు. దానికి ఆ ఉత్తరం రాసిన పాఠకుడు, పోలీసుల పనిలో మతపెద్దలకేం పని అంటున్నారు.

దెబ్బలు తింటున్న మనిషి పక్షాన నిలబడని భక్తి ఎందుకండీ? విచారణ లేకుండా జైల్లో పెట్టే రౌలట్ చట్టం 1919లో వస్తే గాంధీగారు ఏప్రిల్ 6న దేశాన్ని ఉపవాసం ఉండి ప్రార్థించమన్నారు. ఆ రోజుల్లోనే ఢిల్లీ జామా మసీదులో స్వామి శ్రద్ధానంద నిలబడి మాట్లాడారు. వాళ్లను కూడా గుడికీ మసీదుకీ పరిమితం కమ్మనేవారా?

ఫాదర్ స్టాన్ స్వామిని ఇంత తొందరగా మరిచిపోయామా? జార్ఖండ్‌లో విచారణ ఖైదీలుగా మగ్గుతున్న ఆదివాసీ యువకుల కోసం కొట్లాడిన మనిషి. 2020 అక్టోబరులో ఆయన్నే ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కింద అరెస్టు చేశారు. పార్కిన్సన్స్‌తో చేతులు వణుకుతుంటే నీళ్లు తాగే సిప్పర్ కోసం కోర్టును అడగాల్సి వచ్చింది. 2021 జులై 5న, 84 ఏళ్ల వయసులో, బెయిల్ రాకుండానే, విచారణ మొదలవకుండానే పోయారు. ఆ తర్వాతి ఆదివారం మన చర్చిల్లో ఎన్నింట్లో ఆయన పేరు వినిపించింది? నేను వెళ్లే చర్చిలో వినిపించలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మన రాష్ట్రంలో మరీ అన్యాయం. 1986 నాటి పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) కింద విచారణ లేకుండా ఏడాది దాకా లోపల ఉంచొచ్చు. మామూలు నేరాలకూ దాన్ని వాడుతున్నారని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తెలంగాణను తప్పుపట్టింది, 2024 మార్చిలో మళ్లీ మందలించింది. ఐక్యరాజ్యసమితి చిత్రహింసల వ్యతిరేక ఒప్పందంపై మన దేశం 1997లోనే సంతకం పెట్టింది కానీ ఇప్పటికీ ఆమోదించలేదు. 2010లో లోక్‌సభ దాటిన చిత్రహింసల నిరోధక బిల్లు చట్టం కాలేదు. ఠాణాల్లో సీసీ కెమెరాలు పెట్టాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు ఠాణాలో దళిత మహిళ చనిపోయింది ఆ మరుసటి ఏడాదే.

ఇంకో సంగతి. 2021లో వరంగల్ సెంట్రల్ జైలు కూల్చి ఖైదీలను వేరే జిల్లాలకు పంపేశారు. నేరం రుజువు కాని కొడుకును ములాఖత్‌లో చూడాలంటే ఇక్కడి కూలి తల్లి ఒక రోజు కూలి వదులుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని పోవాలి. ఆ జైలు జాగాలో ఆస్పత్రి కడుతున్నామని చెప్పిన నాయకులెవరూ ఆ తల్లుల గురించి మాట్లాడలేదు. ఓట్లప్పుడు మాత్రం అందరూ గుళ్లకీ, చర్చిలకీ, దర్గాలకీ వస్తారు.

మీ పత్రికకూ ఒక మాట. 'పోలీసులు తమదైన శైలిలో విచారించగా నేరం ఒప్పుకున్నాడు' అని ఇంకెంతకాలం రాస్తారు? కొట్టారని అందరికీ తెలుసు, అందులో తప్పేముందన్నట్టు చదువుకుని పేజీ తిప్పేస్తున్నాం. పిల్లలూ అదే చదువుతున్నారు.

ఆ రోజు తీర్మానాన్ని మీరు నాలుగు లైన్లకు కుదించారు. దాన్ని పూర్తిగా అచ్చు వేయండి. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందాన్ని ఆమోదించాలని పార్లమెంటులో అడుగుతారా లేదా అని మన ఎంపీలను మీ విలేకరుల చేత అడిగించి, వాళ్లు చెప్పిన జవాబు కూడా వేయండి.

— ఒక రిటైర్డ్ టీచర్, ఫాతిమానగర్, కాజీపేట