కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: పిల్లల మ్యాపుల తరగతి

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా ఈ నివేదికలో వీధి దీపాలు, మురికి కాలువలు, బతుకమ్మ ఏర్పాట్ల గురించి ముందు రాసి, పిల్లల కార్యక్రమాలకు చివర రెండు వాక్యాలు కేటాయించేవాళ్లం. ఈసారి వరస మార్చాను. ఈ ఏడాది సంఘం పనుల్లో ఎక్కువ మంది చెయ్యి వేసింది ఆదివారం మ్యాపుల తరగతికే. మనలో పెద్దవాళ్లు కూడా అందులో ఎంతో నేర్చుకున్నారు. అందుకే దాని సంగతే వివరంగా రాస్తున్నాను.

2023 జులై చివరి వానలకు హనుమకొండ, వరంగల్‌లో ఎన్ని కాలనీలు నీట మునిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. మన దగ్గర కూడా రెండు వీధుల్లో కింది ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. తర్వాత జరిగిన సమావేశంలో ఒక పాప లేచి, "పక్క వీధి మునగలేదు కదా, మా వీధే ఎందుకు మునిగింది?" అని అడిగింది. పెద్దవాళ్లం తలా ఒక కారణం చెప్పాం. ఒక్కదానికీ ఆధారం లేదు. ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఈ ఏడాది బడులు తెరిచాక తరగతి మొదలుపెట్టినప్పుడు మొదటి పాఠంగా దాన్నే తీసుకున్నాం.

సభ్యులు ఇచ్చిన మూడు ల్యాప్‌టాప్‌లు, కమ్యూనిటీ హాల్లోని ప్రొజెక్టర్, ఒక సభ్యుడి ఫోన్ నుంచి నెట్. ఇంతే మన సామగ్రి. గూగుల్ ఎర్త్ ప్రో ఉచితంగా దొరుకుతుంది. అందులో కాలనీకి అడ్డంగా ఒక గీత గీస్తే, ఆ గీత పొడవునా నేల ఎక్కడ లేస్తుందో ఎక్కడ దిగుతుందో గ్రాఫ్‌గా చూపిస్తుంది. నేల ఎత్తుపల్లాలు, వాగులు, చెరువులు చూపే సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 స్కేలు టోపోషీటు కూడా ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. ఆ స్కేలులో మ్యాపు మీద రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. పిల్లలు ముందు తమ ఇల్లు, ఆ తర్వాత బడి, ఆ తర్వాత అమ్మమ్మ ఊరు వెతుక్కున్నారు. మొదటి రెండు వారాలు దానికే సరిపోయాయి. ఆ సమయం వృథా అనుకోను. తన ఇంటి పైకప్పును పైనుంచి గుర్తుపట్టిన పిల్లకు మ్యాపంటే భయం పోతుంది.

మూడో వారం చిక్కొచ్చింది. మునిగిన వీధి పక్క వీధికన్నా నాలుగు మీటర్లు ఎత్తులో ఉన్నట్టు గ్రాఫ్ చూపింది. పిల్లలు తెల్లబోయారు, నేనూ తెల్లబోయాను. ఇలాంటి ఎత్తుల మ్యాపుల్లో చాలావాటికి ఆధారం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ 11 రోజులు భూమి చుట్టూ తిరిగి రాడార్‌తో తీసిన కొలతలు. ఆ రాడార్‌కు చెట్ల కొమ్మలూ ఇళ్ల పైకప్పులూ తగులుతాయి, వాటి కింద ఉన్న నేల సరిగ్గా దొరకదు. ఊళ్లకు, గుట్టలకు అయితే ఆ లెక్క చాలు. వీధికీ వీధికీ ఉన్న తేడా చెప్పడానికి చాలదు.

అప్పుడు మన కాలనీలోనే ఉండే మేస్త్రి గారు లెవల్ పైపు తీసుకొచ్చారు. పునాదులు వేసేటప్పుడు వాడే సన్నటి ప్లాస్టిక్ గొట్టం అది. దాన్ని నీళ్లతో నింపి రెండు కొసలూ రెండు చోట్ల పట్టుకుంటే, మధ్యలో గొట్టం ఎన్ని వంకరలు తిరిగినా రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టంలో నిలబడతాయి. ఆ మట్టం నుంచి నేల దాకా టేపుతో కొలిచి, ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే ఎత్తుల తేడా తెలిసిపోతుంది. ఎనిమిదో తరగతి పుస్తకంలో ద్రవాల పీడనం పాఠం చదివి మార్కులు తెచ్చుకున్న పిల్లలు, అది పని చెయ్యడం అప్పుడు చూశారు. మునిగిన వీధి పక్కదానికన్నా మూరెడు పల్లం అని తేలింది. టోపోషీటులో మనకు ఎగువన ఒక చిన్న నీలి మచ్చ ఉంది, అది కుంట. ఇప్పుడు అక్కడ ఇళ్లున్నాయి. పాప అడిగిన ప్రశ్నకు జవాబు ఈ రెండింటిలో ఉంది.

దసరా తర్వాత పిల్లల్ని గొలుసుకట్టు చెరువుల మీదికి తీసుకెళ్లాం. నాకు ఈ ఏడాదిలో అన్నిటికన్నా నచ్చిన పని ఇదే. పాఖాల, రామప్ప, లక్నవరం చెరువుల్ని కాకతీయుల కాలంలో తవ్వించారని మన పిల్లలకు పాఠాల్లో ఉంటుంది. తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు ఉన్నట్టు మిషన్ కాకతీయ లెక్కల్లో తేలింది. కానీ ఒక చెరువుకూ మరో చెరువుకూ సంబంధం ఏమిటన్నది మ్యాపు ముందు కూర్చుంటేనే తెలుస్తుంది. ఇస్రో వారి భువన్ అనే మ్యాపుల సైటు మన పక్కనే హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపేది, 2009లో మొదలైంది. అందులో ఉపగ్రహ చిత్రం తెరిచి, పట్నానికి కొంత దూరంలోని ఒక ఊరి మూడు చెరువుల్ని గుర్తించాం. పై చెరువు నిండి పొంగిన నీళ్లు వాగులోంచి నడిమి చెరువుకు, అక్కణ్నుంచి కింది చెరువుకు. ఎత్తుల గ్రాఫ్ గీస్తే మూడు మెట్లు కనబడ్డాయి. ఇక్కడ మాత్రం గ్రాఫ్ మోసం చెయ్యలేదు, తేడాలు అంత పెద్దవి.

ఆదివారం పొద్దున్నే ఆ ఊరు వెళ్లాం. తల్లులు కూడా వచ్చారు కాబట్టి ఆడపిల్లల్ని పంపడానికి ఎవరూ వెనకాడలేదు. కట్ట మీద ఒక పెద్దాయన కలిశారు. వాళ్లది తరతరాలుగా నీరటి పని, అంటే చెరువు నీళ్లు పొలాలకు వదిలే పని చేసిన కుటుంబం. ఒక పిల్లవాడు ప్రింటు తీసిన మ్యాపు చూపించి, "తాతా, ఇది నాలుగో చెరువా?" అని అడిగాడు. ఆయన కళ్లు చికిలించి చూసి, "చెరువు కాదు బిడ్డా, కుంట. నడిమి చెరువు మత్తడి దుంకితేనే దీనికి నీళ్లు. లేకుంటే ఎండుడే" అన్నారు. మత్తడి అంటే నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే చోటు. తూము ఎక్కడుందో, తలుపు ఎట్లా ఎత్తేవాళ్లో, ఏ కాలువ కింద ఎవరి పొలాలు ముందు తడిసేవో నడుస్తూ చెప్పారు. పిల్లలు కాగితం మీద గుర్తులు పెట్టుకుంటూ పోయారు. ఉపగ్రహానికి ఆ కుంట కనబడింది. దాని పేరు, అది ఎప్పుడు నిండుతుందన్నది ఆయనకే తెలుసు.

ఇంటికొచ్చాక ఆ పేర్లను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చాం. 2004లో మొదలైన ఈ మ్యాపులో ఎవరైనా ఖాతా తెరిచి తమ ఊరిని గియ్యవచ్చు. పేరును తెలుగులో రాయడానికి విడిగా చోటు ఉంది. వేరే కంపెనీల మ్యాపుల్లోంచి చూసి రాయకూడదన్నది దాని నియమం. ఈ నియమాన్ని పిల్లలకు గట్టిగా చెప్పాం: మీరు చూసింది, అడిగి తెలుసుకున్నది మాత్రమే రాయాలి. ఒక చెరువు పేరు మేమే తప్పు రాశాం. ఆ ఊరివాళ్లకు ఫోన్ చేసి అడిగి మళ్లీ సరిదిద్దాం.

ఇక నీడ లేని రోజు. సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే ఈ రోజు హైదరాబాద్‌కు మే 9న వస్తే, మనం ఇంకాస్త ఉత్తరాన ఉన్నాం కాబట్టి రెండు మూడు రోజులు ఆలస్యంగా వస్తుంది. జులై, ఆగస్టు కలిసే రోజుల్లో మళ్లీ వస్తుంది గానీ అప్పుడు మబ్బులుంటాయి. ఆకాశాన్ని తెర మీద చూపే స్టెల్లేరియం సాఫ్ట్‌వేర్‌లో పిల్లలు మన ఊరి అక్షాంశం, రేఖాంశం పెట్టి అది ఏ రోజో, ఎన్ని గంటలకో వెతికారు. పన్నెండింటికి కాదు, 12.08కి అని వచ్చింది. ఎందుకన్నది మ్యాపులోనే ఉంది. మన గడియారం నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం, అది కాకినాడ దగ్గరగా పోతుంది. మనం దానికి పడమరన సుమారు మూడు డిగ్రీల దూరంలో ఉన్నాం. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పన్నెండు నిమిషాలు ఆలస్యం. మే నెలలో సూర్యుడు గడియారం కన్నా మూడున్నర నిమిషాలు ముందుంటాడు కాబట్టి అందులోంచి అంత తగ్గుతుంది.

మేడ మీద స్టీలు గ్లాసు బోర్లించి చూశాం. 12.08కి గ్లాసు చుట్టూ నీడ లేదు. అదే రోజు ఢిల్లీలో ఉంటున్న మన సభ్యుల అమ్మాయి, అక్కడ సూర్యుడు అన్నిటికన్నా పైకి వచ్చే 12.17కి మీటరు కర్ర నిలబెట్టి నీడ కొలిచి పంపింది: 19 సెంటీమీటర్లు. పదో తరగతి అబ్బాయి టాంజెంట్ పట్టిక చూసి కోణం 10.8 డిగ్రీలని కట్టాడు. మ్యాపులో స్కేలుతో మనకూ ఢిల్లీకీ ఉత్తర దక్షిణ దూరం 1,180 కిలోమీటర్లు. 10.8 డిగ్రీలకు అంత దూరమైతే 360 డిగ్రీలకు ఎంత అని లెక్కేస్తే భూమి చుట్టుకొలత 39,300 కిలోమీటర్ల పైచిలుకు వచ్చింది. ధ్రువాల మీదుగా అసలు చుట్టుకొలత 40,008. రెండు వేల రెండు వందల ఏళ్లకు పైగా కిందట ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు చేసింది ఇదే. ఆ మధ్యాహ్నం మేడ మీద పిల్లలు పెట్టిన కేకలు కింది వీధి దాకా వినబడ్డాయి.

మిగతా పాఠాలు త్వరగా చెబుతాను. గుండ్రటి భూమిని చదునుగా పరిచి చూపే మెర్కేటర్ మ్యాపులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనబడుతుంది, నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. మన దేశమే గ్రీన్‌లాండ్ కన్నా పెద్దది. కరెంటు సర్క్యూట్లకు కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసే ప్రయోగాలు వాడాం. వానాకాలంలో నెట్ సరిగ్గా రాక రెండు తరగతులు ఆగిపోయాయి. ఇకపై మ్యాపులు ముందే దించి పెట్టుకుంటాం.

ఫోన్ పేరు చెప్పగానే తల్లిదండ్రులకు టెన్షన్ వస్తుంది, అందులో అర్థం ఉంది. అందుకే నలుగురు పిల్లలకు ఒక్క తెర పెట్టాం. ఒకరు మౌస్ పట్టుకుంటే ఒకరు నోట్సు రాయాలి, ఇద్దరు అడగాలి. పావుగంటకోసారి మారాలి. ఇంట్లో ఫోన్ ఇచ్చి వదిలేసి దాన్ని చదువు అనుకోవడం వేరు. మన తరగతిలో సగం సమయం తెర ఆపేసే ఉంటుంది.

మిగిలిన పనులు: మూడు వీధుల్లో దీపాలు మార్పించాం, కాలువల పూడిక వానలకు ముందే తీయించాం, బతుకమ్మ ఎప్పటిలాగే బాగా జరిగింది. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా ఇస్తారు.

వచ్చే ఏడాది మన కాలనీ వాననీటి మ్యాపు గియ్యాలని పిల్లలు నిర్ణయించుకున్నారు. ఏ ఇంటి నీళ్లు ఏ కాలువలోకి పోతాయో లెవల్ పైపుతో కొలిచి మరీ గీస్తారు. వాళ్లు మీ గేటు ముందుకు వస్తే కాసేపు కొలుచుకోనివ్వండి. మీ ఇళ్లలో అరవై దాటిన పెద్దలు, ఈ కాలనీ రాకముందు ఇక్కడి కుంటలు, ఒర్రెలు చూసినవాళ్లు ఉంటే, ఏ ఆదివారమైనా పొద్దున పదింటికి హాలుకు పంపించండి. టోపోషీటులో పేరు లేని నీలి మచ్చలు ఇంకా రెండున్నాయి.

నమస్కారాలతో,
కార్యదర్శి